కంప్యూటర్ వచ్చా అని అడిగితే వచ్చనే అంటారు

పీజీ విద్యార్థుల కంప్యూటర్ నైపుణ్యానికీ, ఆన్‌లైన్ చదువుపై వాళ్ల వైఖరికీ సంబంధం వెతికే సర్వేల్లో తిరకాసంతా మొదటి ప్రశ్న దగ్గరే ఉంటుంది. "మీకు స్ప్రెడ్‌షీట్ వాడటం ఎంతవరకు వచ్చు?" అంటే, ఫోన్‌లో చెయ్యి తిరిగినవాళ్లు కూడా 5కి 4 వేసుకుంటారు. అది ధీమా, నైపుణ్యం కాదు. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వీయ సామర్థ్య భావన ఈ ధీమా గురించే. కంప్యూటర్ వాడకంలో దాన్ని కొలవడానికి కాంపో, హిగ్గిన్స్ అనే పరిశోధకులు 1995లో 10 అంశాల స్కేలు కూడా తయారుచేశారు. ధీమాను కొలవాలనుకుంటే అది వాడుకోవచ్చు. కానీ వచ్చిన మార్కుకు నైపుణ్యం అని పేరు పెట్టకూడదు.

నైపుణ్యం తేలాలంటే పని చేయించాలి. 20 నిమిషాలు, నాలుగు పనులు చాలు: హెడింగ్ స్టైల్స్ పెట్టి విషయసూచిక దానంతటదే వచ్చేలా చేయడం, 100 వరుసల షీట్‌లో ఒక విభాగాన్ని మాత్రమే ఫిల్టర్ చేసి సగటు తీయడం, పెద్ద ఫైలును పీడీఎఫ్ చేసి, సైజు తగ్గించి అప్‌లోడ్ చేయడం, మీటింగ్‌లో మొత్తం స్క్రీన్ కాకుండా ఒక్క విండోనే షేర్ చేయడం. సొంతంగా చేస్తే 2, ఒక్క సూచనతో చేస్తే 1, చేయలేకపోతే 0. రెండో పనిలో చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది: యావరేజ్ ఫార్ములా ఫిల్టర్ దాచిన వరుసలను కూడా లెక్కేస్తుంది. కనిపించే వరుసలనే లెక్కేసే సబ్‌టోటల్ వాడాలని తెలిసినవాళ్లు అక్కడే బయటపడతారు.

వైఖరి స్కేలులో సగం వాక్యాలు వ్యతిరేకార్థంలో ఉండాలి. 5 పాయింట్ల స్కేలైతే వాటి మార్కును 6లోంచి తీసేయాలి. ఇది మరిచిపోతే, స్కేలులోని వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా కుప్పకూలుతుంది, ఒక్కోసారి మైనస్‌లోకీ పోతుంది. పాపం, ప్రశ్నలే బాగాలేవనుకుని మంచి వాక్యాలను కొట్టేస్తుంటారు.

ఫారమ్‌ను ఆన్‌లైన్‌లో మాత్రమే పంపడం ఇంకా పెద్ద పొరపాటు. కంప్యూటర్ అంటే జంకేవాళ్లు దాన్ని తెరవనే తెరవరు. ఎవరి గురించి తెలుసుకోవాలో వాళ్లే లెక్కలోంచి జారిపోతారు. కొన్ని కాగితం ప్రతులు తరగతిలో పంచండి. సొంత ల్యాప్‌టాప్ ఉందా, నెట్ నిలకడగా వస్తుందా, ఇంతకుముందు ఆన్‌లైన్ కోర్సు చేశారా అని మూడు ప్రశ్నలు చేర్చండి. లేదంటే వీడియో ఆగిపోతున్న విసుగు కాస్తా నైపుణ్యలోపం ఖాతాలో పడుతుంది.

నైపుణ్యానికీ వైఖరికీ మధ్య సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారుతున్నాయో చెప్పే అంకె) 0.3 వచ్చిందనుకోండి. అంత సంబంధాన్ని పట్టుకోవడానికి గణాంకాల్లో వాడే మామూలు ప్రమాణాల ప్రకారం 85 మంది చాలు. వర్గం చేస్తే 0.09, అంటే వైఖరిలోని తేడాల్లో 9 శాతమే నైపుణ్యంతో ముడిపడి ఉంది. మిగతా 91 శాతంలో కోర్సు పనికొస్తుందా లేదా అన్నది పెద్ద భాగమే కావచ్చు. జనం కొత్త టెక్నాలజీని ఎందుకు వాడతారో పరిశోధించిన ఫ్రెడ్ డేవిస్ 1989లో వాడటంలోని సులువునూ, ఉపయోగాన్నీ విడివిడిగా కొలిచినప్పుడు వాడకంతో ఎక్కువ ముడిపడింది ఉపయోగమే. కాబట్టి విషయసూచిక చకచకా చేసిన విద్యార్థి "ఈ క్లాసులు దండగ" అని టిక్కు పెడితే, ఆ పత్రాన్ని తప్పుడు డేటా అని పక్కన పడేయకండి.