కోతకి ముందు ఉత్త నీళ్ళు పెడితే మొక్కలో ఎరువు కడుక్కుపోద్దా?

టొరంటోలో ఉండే మా బావ ఒక డౌట్ అడిగాడు. వాళ్ళ పక్కింటాయన ఇంట్లోనే గంజాయి మొక్కలు పెంచుతాడంట, కెనడాలో 2018 అక్టోబర్ నుంచి అది లీగలే, ఒంటారియోలో అయితే ఇంటికి నాలుగు మొక్కల దాకా పెట్టుకోవచ్చు. ఆయన కోతకి రెండు వారాల ముందు ఎరువు మొత్తం ఆపేసి కుండీలో ఉత్త నీళ్ళే పోస్తాడంట, దాన్ని ఫ్లషింగ్ అంటారంట, అట్టా చేస్తే మొక్కలో ఉన్న ఎరువంతా కడుక్కుపోయి పొగ మెత్తగా ఉంటదని, గొంతు పట్టదని, బూడిద కూడా తెల్లగా పడుద్దని. "మీరు తాతల కాడ్నించి పొగాకు పండిస్తా ఉండారు గదా బామ్మర్దీ, ఇందులో నిజమెంత?" అన్నాడు.

ముందే ఒక మాట చెప్పేస్తా. మన దేశంలో 1985 నాటి మత్తు పదార్థాల చట్టం (ఎన్డీపీఎస్) ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ళ దాకా జైలు పడొచ్చు, కాబట్టి ఇది చదివి ఎవరికన్నా మిద్దె మీద కుండీల ఆలోచన వస్తే అక్కడికక్కడే మానుకోండి. నేను చెప్పగలిగింది పొగాకు గురించే, కానీ ఈ ప్రశ్న రెండిటికీ ఒకటే, ఎందుకంటే రెండూ చివరికి కాల్చి పొగ పీల్చే సరుకులే.

నాకు తెల్సినంతలో ఫ్లషింగ్ అనేది సగం మాటే. కుండీలో నీళ్ళు పోస్తే మట్టిలో పేరుకున్న ఉప్పు దిగిపోద్ది, అది నిజం. మొక్క లోపలికి పోయింది మాత్రం వేరు గుండా వెనక్కి రాదు. అన్నం తిన్నాక చెంబుడు నీళ్ళు తాగితే తిన్నది కడుక్కుపోద్దా ఏంది? ఎరువు ఆపేస్తే జరిగేది వేరే, కింద నుంచి నత్రజని అందక మొక్క తన ముసలి ఆకుల్లో ఉన్నదాన్నే పీక్కుని పైకి పంపిద్ది, అందుకే అడుగాకు ముందు పసుపు తిరుగుద్ది. భాస్వరం, పొటాష్, మెగ్నీషియం కూడా అట్టానే కదుల్తాయి. కాల్షియం కదలదు, ఎక్కడ చేరింది అక్కడే ఉండిపోద్ది, ఎన్ని నీళ్ళు పోసినా అంతే. అంటే "మొత్తం కడుక్కుపోయింది" అనే మాట ఎట్టా చూసినా నిలబడదు.

కొలరాడోలో ఆర్ఎక్స్ గ్రీన్ టెక్నాలజీస్ అని ఎరువుల కంపెనీ ఒకటి దీని మీద ట్రయల్ పెట్టింది, చెర్రీ డీజిల్ అనే రకం మీద, కొన్ని మొక్కలకి 14 రోజులు ఫ్లషింగ్, కొన్నిటికి 10, కొన్నిటికి 7, కొన్నిటికి అసలు లేదు. దిగుబడిలో గానీ, మత్తు పదార్థం టీహెచ్‌సీలో గానీ, వాసనిచ్చే టెర్పీన్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలా. ఏది ఏదో చెప్పకుండా ఇచ్చి తాగిస్తే, అసలు ఫ్లషింగ్ చెయ్యని దానివైపే కాస్త మొగ్గు కనపడింది. ఎరువులమ్మే కంపెనీ ఎరువు ఆపొద్దనే చెప్తది గదా అని మీరనొచ్చు, నాకూ అదే అనిపించింది, కానీ మా చేలో చూసేది కూడా దీనికి పెద్ద దూరంగా ఏమీ లేదు.

ఇప్పుడు మా సంగతి. మాది పొదిలి వైపు, ఎర్ర నేలలు, మా అమ్మ పుట్టిల్లు టంగుటూరు కాడ నల్లరేగడి. రెండు చోట్లా సిగరెట్లలోకి పోయే వర్జీనియా పొగాకే, కానీ నత్రజని లెక్క రెండు చోట్లా ఒకటి కాదు. ఎర్ర నేల ఎరువుని పట్టి ఉంచుకోదు, గట్టి వాన పడితే నత్రజని నైట్రేటు రూపంలో కిందికి జారిపోద్ది. రేగడిలో వేసింది నెమ్మదిగా చివరి దాకా అందతానే ఉంటది, అందుకే అక్కడ చెయ్యి జారి ఎక్కువేస్తే ఇంక దాన్ని వెనక్కి తీసే దారి లేదు. నీళ్ళు పెట్టి కడుగుదామంటే రేగట్లో అయ్యే పని కాదు, పైగా అక్కడ పైరు వాన తేమ మీదే చాలావరకు నడుస్తది.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గదా, అప్పుడు మా ఎర్ర నేలల్లో దేవుడే ఫ్లషింగ్ చేసి పెట్టాడు. నీళ్ళు దిగిన చేలల్లో మొక్క మొత్తం పాలిపోయి ఎదుగుదల ఆగిపోయింది, జనం మళ్ళీ క్యాన్ (కాల్షియం అమ్మోనియం నైట్రేట్) ఎరువు కట్టలు మోసుకెళ్ళారు, నీళ్ళు నిలబడ్డ చోట అయితే వేరు కుళ్ళి మొక్కే వాలిపోయింది. ఇంత కడుగుడు కడిగితే ఆకు శుభ్రపడిందని నాకు తెల్సి ఒక్క రైతన్నా అనలా.

అయితే పొగాకులో చివర్న నత్రజని అయిపోవడం మాత్రం చాలా ముఖ్యం, ఫ్లషింగ్ నమ్మేవాళ్ళు చెప్పేదాంట్లో నిజం ఉన్న ముక్క ఇదే. పూత తలలు తుంచాక ఆకు ముదిరే టైముకి భూమిలో నత్రజని దాదాపు ఖాళీ అవ్వాల. అట్టా అయితే ఆకు పచ్చదనం తగ్గి లేత పసుపులోకి దిగుద్ది, నడిమి ఈనె తెల్లబడుద్ది, చెయ్యి వేసి కిందికి వంచితే టప్ మని విరుగుద్ది. ఆకు కొట్టేవాళ్ళ చేతులకి నల్లటి జిగురు పట్టి సబ్బుకి కూడా ఓ పట్టాన వదలదు. నత్రజని ఎక్కువైన చేలో ఆకు ముదరనే ముదరదు, మందంగా ముదురు పచ్చగా తోలు మాదిరిగా ఉంటది, నికోటిన్ పెరుగుద్ది, చక్కెర తగ్గుద్ది, ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో పెడితే పచ్చ మచ్చలతోనే బయటికొస్తది. వేలం కాడ కొనేవాడు చెక్కు (పొగాకు బేలు) మీద చెయ్యేసి అట్టా చూసి ముందుకి పోతాడు, ఇంక మేలు రకం బ్రైట్ గ్రేడు మాట మర్చిపోవాల్సిందే. కానీ దీన్ని మేము సాధించేది చివరి రెండు వారాల్లో నీళ్ళు పోసి కాదు, నాటినాక మొదటి నెల నెలన్నర లోపలే వెయ్యాల్సిన ఎరువు వేసేసి, ఆ తర్వాత యూరియా కట్ట వైపు చూడకుండా ఉండి. పక్క చేను నల్లగా నిగనిగలాడతా కనపడితే ఇంకో గుప్పెడు వెయ్యాలనిపిస్తది, మా నాయన తిట్టేది దీనికే.

ఇంగ ఆ పక్కింటాయన పొగ మెత్తదనం అంటన్నాడే, అది నా ఉద్దేశంలో సగానికి పైగా ఆరబెట్టడంలో ఉంది. బ్యారన్‌లో మొదటి దశలో 90, 100 ఫారన్‌హీట్ దగ్గరే వేడి పెట్టి తేమ పోనీకుండా కాస్తాం, ఎందుకంటే అప్పటికి ఆకు ఇంకా బతికే ఉంటది, ఆ బతికున్న టైములోనే పచ్చదనం విరిగిపోద్ది, పిండి పదార్థం చక్కెరగా మారుద్ది. పసుపు తిరక్కముందే ఆత్రంగా మంట పెంచితే ఆకు పచ్చగా ఉండగానే చచ్చిపోద్ది, అట్టా చచ్చిన ఆకు రంగు ఇంక ఏం చేసినా మారదు. ఆ తర్వాత మెల్లగా 120 దాటించి, చివర్లో ఈనె ఆరడానికి 160 దాకా పోతాం, మొత్తం ఐదారు రోజుల పని, రాత్రిళ్ళు లేచి థర్మామీటర్ చూసే పని. గంజాయికి ఈ వేడి పనికిరాదు, వాళ్ళు చీకటి గదిలో చల్లగా పది రోజులో రెండు వారాలో ఆరేసి తర్వాత సీసాల్లో పెట్టి రోజూ మూత తీసి గాలి తగలనిస్తారు. పద్ధతి వేరైనా లోపల జరిగేది దగ్గర దగ్గర అదే, నిదానంగా ఆరితే ఘాటు విరుగుద్ది. మూడు రోజుల్లో ఫ్యాను కింద కరకరలాడేట్టు ఎండబెట్టేసి గొంతు మండుతుందంటే ఎరువుని తిట్టి లాభం లేదు.

బూడిద తెల్లదనం కూడా అంతే. మాకు కాలే గుణం అంటే గుర్తొచ్చేది పొటాషూ క్లోరైడూ. పొటాష్ బాగా ఉన్న ఆకు చక్కగా కాలుద్ది, క్లోరైడు 2 శాతం దాటిందంటే ఆకు తేమ లాగి మెత్తబడి, అంటించినా ఆరిపోతా ఉంటది. అందుకే పొగాకుకి మామూలు ఎర్ర పొటాష్ వెయ్యం, అందులో క్లోరైడు ఉంటది, ఖరీదెక్కువైనా ఎస్ఓపీనే (సల్ఫేట్ ఆఫ్ పొటాష్) వెయ్యాల. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న ఊళ్ళలో అయితే ఎక్కువ నీళ్ళు పెట్టేకొద్దీ క్లోరైడు పెరుగుద్ది. మా వైపు అట్టాంటి నీళ్ళతో ఫ్లషింగ్ చేస్తే ఉన్నది పోవడం అటుంచి, లేనిది వచ్చి చేరుద్ది.

ఒక్కచోట మాత్రం ఆ పక్కింటాయన మాట ఒప్పుకోవాల. నీళ్ళలోనో కొబ్బరి పీచు పొట్టులోనో పెంచితే సరఫరా ఆపిన రోజే నిజంగా ఆగిపోద్ది, మట్టిలో లాగా నిల్వ ఉండదు. అట్టా పెంచిన లెట్యూస్ లాంటి ఆకుకూరలకి కోత ముందు కొన్ని రోజులు నైట్రేటు ఆపేస్తే ఆకులో నైట్రేటు తగ్గుద్ది, యూరప్‌లో పాలకూరకీ లెట్యూస్‌కీ నైట్రేటు ఇంత మించొద్దని పరిమితి కూడా ఉంది. కానీ అది మనం తినే ఆకు లెక్క, వాళ్ళు కోసేది పువ్వు.

బావకి ఇదంతా చెప్పి ఇంకోటి కూడా చెప్పా, ఎరువు కన్నా మందుల సంగతి కనుక్కోమని. పువ్వు మీద వేపనూనో, గంధకమో, ఇంకేదన్నా పురుగుమందో కొట్టి ఉంటే కుండీలో ఎన్ని బిందెలు పోసినా అది పోదు, దానికి కావాల్సింది కొట్టిన రోజుకీ కోతకీ మధ్య గడువు. మా దగ్గర కూడా కొనే కంపెనీలు ఆకులో మందుల అవశేషాలు టెస్ట్ చేయించుకుంటాయి, అందుకే ఏ మందు ఎప్పుడు కొట్టామో క్యాలెండర్ మీద రాసుకుంటాం, కోతలు మొదలయ్యే ముందు మా నాయన కళ్ళజోడు పెట్టుకుని దాన్నే తిరగేస్తా ఉంటాడు.