ఎంత పోతే నిద్ర పడుతుంది?

పోయిన ఎండాకాలం బత్తాయి జ్యూస్ సీసాల్లో నింపి అమ్ముదామని ల్యాప్‌టాప్‌లో మూడేళ్ల లెక్కలు వేసుకున్నా. నల్లగొండలో పుట్టినోళ్లకు బత్తాయి కాక ఇంకేం తోస్తుంది! మా వీధి చివర టిఫిన్ బండి అన్నకు ఆ లెక్కలు చూపించా. పల్లీ చట్నీ వేస్తూనే అడిగాడు: "లాభం సంగతి తర్వాత తమ్మీ. మొత్తం మునిగితే ఎంత పోతది? అంత పోయినా నీకు నిద్ర పడ్తదా?"

జవాబు రాలేదు. 8 లక్షల మెషీన్‌కు లోన్ తీసుకుందామనుకున్నా మరి.

ఆ రాత్రే లెక్క తిరగరాశా. పోయినా తట్టుకోగలిగింది 30 వేలు. దాంతో ఒక పాత మెషీన్, కొన్ని సీసాలు కొన్నా. పొద్దున నింపిన జ్యూస్ సాయంత్రానికి చేదెక్కింది! బత్తాయి రసం పిండి నిలవ ఉంచితే లిమోనిన్ అనే చేదు పదార్థం తయారవుతుందని అప్పుడే తెలిసింది. నా ల్యాప్‌టాప్ లెక్కల్లో చేదుకు గడే లేదు.

తర్వాతెప్పుడో చదివా. సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు బాగా అనుభవమున్న 27 మంది వ్యాపారులు ఎలా ఆలోచిస్తారో గమనించారు. వాళ్లు ఎక్కువగా లాభాల అంచనాతో కాకుండా చేతిలో ఉన్నదానితో, భరించగల నష్టంతో మొదలుపెడతారట. ఈ పద్ధతిని ఆమె 2001లో ఎఫెక్చుయేషన్ పేరుతో వివరించారు. టిఫిన్ అన్నకు చెప్తే "గంత పెద్ద పేరా!" అని నవ్వి ఇంకో వడ వేశాడు. దానికి డబ్బులు తీసుకున్నాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు సీసాలు అటకెక్కాయి. సాయంత్రాలు బండి మీద అడిగినోళ్లకు అప్పటికప్పుడు జ్యూస్ పిండి ఇస్తున్నా. ఐస్ ఖర్చు మాత్రం ఇంకా తేలట్లేదు.