గడి ఖాళీ ఇడ్వకు బిడ్డా

దీపావళి ముందు సోమవారం మా పాప కాళ్ల పట్టీలు విప్పి కంసాలి దుకాణంలో తూకం వేయించాను. అమ్మడానికి కాదు, కుదువ పెట్టడానికీ కాదు. ఎమ్మెల్యేగా పోటీ చేసేవాళ్లు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో, అంటే ఆస్తుల వివరాలు రాసిచ్చే ప్రమాణ పత్రంలో, మన మీద ఆధారపడ్డ పిల్లల ఆస్తి కూడా రాయాలి. బంగారమైనా వెండైనా బరువు, విలువ వేయాలి. నాలుగు తులాల వెండి. నాలుగేళ్ల పిల్ల పేరు మీద సర్కారు కాగితంలో ఎక్కిన మొదటి ఆస్తి అదే.

మాది జగిత్యాల జిల్లా. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. మా ఆయన రియాద్‌లో పని చేస్తాడు. బాబు అప్పుడు నాలుగో తరగతి. ఇంట్లో నేను, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డావని ఇప్పటికీ అడుగుతారు. కరోనాలో బడులు మూసేశాక 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం కోసం లైన్లో నిలబడ్డప్పుడు నా ముందు, వెనుక అంతా పిల్లలకు చదువు చెప్పేవాళ్లే. జీతం ఆగితే అడిగే దిక్కు లేదు, కాన్పుకు సెలవు పెడితే ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు. మా గురించి అసెంబ్లీలో ఒక్కరైనా గట్టిగా అడగాలి కదా అన్న మాట ఆ రోజే మనసులో పడింది.

ధైర్యం ఇచ్చింది మాత్రం పెదబాపు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు, గుర్తుందా? పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కోసం నామినేషన్లు వేసిన రైతులే అందులో చాలామంది. ఒక్కో బూత్‌లో ఓటు మీటలుండే బ్యాలెట్ యూనిట్లు 12 పెట్టాల్సి వచ్చింది. వాళ్లలో మా పెదబాపు ఒకడు. నేను విషయం చెప్పగానే అటక మీది సంచిలోంచి పాత ఫారాల జిరాక్సులు తీసి ముందు పెట్టాడు. "గెలుసుడు ఓడుడు తర్వాత. ముందుగాల ఒక్క గడి కూడా ఖాళీ ఇడ్వకు బిడ్డా" అన్నాడు.

ఆ మాట విలువ నాకు రెండు రోజుల్లోనే తెలిసింది.

నామినేషన్లు నవంబర్ 3 నుంచి 10 వరకు, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు. సరిగ్గా బడి వేళలే. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ప్రతిపాదకుడు, అంటే అభ్యర్థి పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటరు, ఒక్కరు చాలు, మాలాంటి వాళ్లకు పది మంది కావాలి. పది మందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి, ఓటరు లిస్టులో పార్ట్ నంబర్, వరుస నంబర్ తప్పు లేకుండా రాయాలి. పది మంది సంతకాలు పెట్టాక ఒక రాత్రి ఇద్దరు ఫోన్ చేసి "మా పేర్లు తీసేయండి మేడమ్" అన్నారు. ఎవరు బెదిరించారో చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్లకూ పిల్లలున్నారు.

వాళ్ల స్థానంలో వచ్చింది మా వాడకట్టులో బీడీలు చేసే ఇద్దరు పెద్దమ్మలు. ఇద్దరికీ సంతకం రాదు. వేలిముద్ర వేసేవాళ్లైతే నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి ముందో, దానికి అధికారం ఉన్న అధికారి ముందో వేయాలి. అంటే వాళ్లను వెంట తీసుకుపోవాలి, ఒక పూట బీడీలు పోతాయి. మొహమాటంగానే అడిగాను. "మా మనుమరాలికి ఎక్కాలు నేర్పినవ్. ఒక్క పూట ఆకు ముట్టకపోతే ఏమైతది" అంది పెద్దామె.

బ్యాంకులో ఎన్నికల ఖర్చు కోసం విడిగా ఖాతా తెరవాలి, అది నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే ఉండాలి. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకైతే 5,000. నేను చిట్టీ డబ్బులోంచి కట్టాను. నామినేషన్ నాలుగు సెట్ల వరకు వేయొచ్చు, డిపాజిట్ మాత్రం ఒక్కసారే. ఎవరైనా పోటీ చేయాలనుకుంటే రెండు సెట్లు వేయండి, ఒకదానిలో ప్రతిపాదకుడి వివరం తప్పు పోయినా రెండోది నిలబడుతుంది.

8వ తేదీన వేద్దామనుకున్న రోజే అత్తమ్మకు జ్వరం వచ్చింది. పాపను ఎత్తుకునే వెళ్లాను. లోపలికి అభ్యర్థితో కలిపి ఐదుగురికే అనుమతి. నా వంతు వచ్చేసరికి పాప నా భుజం మీద నిద్రపోయింది. నామినేషన్ ఇచ్చాక ప్రమాణం చదవాలి. ఎడమ చేత్తో పిల్లను పట్టుకుని, కుడి చేతిలో కాగితం పట్టుకుని, రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత చూపుతానని చదివాను. పిల్ల లేస్తుందేమోనని గొంతు తగ్గించాను. అధికారి "కొంచెం గట్టిగా చదవండమ్మా" అన్నారు. గట్టిగా చదివాను. పాప లేవలేదు.

తర్వాత వాళ్లిచ్చిన చెక్‌లిస్టులో నా అఫిడవిట్‌లో రెండు గడులు ఖాళీగా ఉన్నాయని రాసి ఉంది. మా ఆయన ఆస్తి వివరాలు వాట్సాప్‌లో వచ్చినవి వచ్చినట్టే ఎక్కించాను కానీ, లేనివాటికి 'లేదు' అని రాయడం మరిచిపోయాను. ఖాళీ వదిలిన అఫిడవిట్‌ను సరిచేసి ఇవ్వకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. 13న పరిశీలన మొదలయ్యేలోపు సరిచేసి ఇవ్వాలి. మళ్లీ టైపు, మళ్లీ నోటరీ, పేజీ పేజీకి సంతకం. 10న ఒంటిగంటకు ఇచ్చి, బయట మెట్ల మీద కూర్చుని బాబు స్కూల్‌కి ఫోన్ చేసి వాడిని సాయంత్రం ఎవరు తీసుకెళ్తారో చెప్పాను.

13న పరిశీలనలో నిలిచింది. 15న ఉపసంహరణ గడువు అయ్యాక గుర్తులు ఇచ్చారు. నేను మొదట కోరింది స్కూల్ బ్యాగు. ఇంకొకరు కూడా అదే అడిగారు, లాటరీలో నాకే వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పార్టీల గుర్తులు జనానికి ఏళ్ల తరబడి తెలుసు. నాకు గుర్తు చేతికొచ్చిన మర్నాటి నుంచి ప్రచారం ముగిసే 28 సాయంత్రం దాకా పదమూడు రోజులే. అది న్యాయమని నేను అనుకోను.

ఆ పదమూడు రోజులూ బాబు తన బ్యాగు నాకిచ్చి, పుస్తకాలు గుడ్డసంచిలో పెట్టుకుని బడికి పోయాడు. కొత్తది కొంటానంటే వద్దన్నాడు. ఆ నీలం బ్యాగు భుజాన వేసుకుని పొద్దున్నే బీడీ కార్ఖానాల దగ్గర, ఆకు, తంబాకు కోసం ఆడవాళ్లు వచ్చే చోట నిలబడేదాన్ని. తొమ్మిదికి స్కూల్. మధ్యాహ్నం నుంచి జీతం లేని సెలవు. సాయంత్రం నుంచి రాత్రి దాకా ఊళ్లు. "పిల్లలను ఎవరి దగ్గర వదిలి వచ్చినవ్?" అని ప్రతి ఊళ్లో అడిగారు. పోటీలో ఉన్న మగవాళ్లకూ పిల్లలున్నారు, వాళ్లను అడగగా నేను వినలేదు.

ఖర్చు పరిమితి 40 లక్షలు. నా దగ్గర ఉన్నది 85 వేలు. ఖర్చు రిజిస్టర్‌లో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీవి నగదుకు, పసుపువి బ్యాంకు లెక్కకు. ఆటోకు, మైకుకు, కరపత్రాలకు, చివరికి చాయ్‌కి కూడా జిల్లా అధికారులు పెట్టిన రేటు ఉంటుంది. సాయంత్రాలు పిల్లలను చూసుకున్న పక్కింటి అక్కకు ఇచ్చిన డబ్బు మాత్రం ఎక్కడ రాయాలో అందులో లేదు. అమెరికాలో 2018లో న్యూయార్క్ నుంచి పోటీ చేసిన లూబా గ్రెషెన్ షర్లీ అనే తల్లి అడిగితే, ప్రచారం వల్ల అయ్యే పిల్లల సంరక్షణ ఖర్చును ప్రచార నిధి నుంచి పెట్టుకోవచ్చని అక్కడి ఎన్నికల కమిషన్ ఒప్పుకుంది. మన రిజిస్టర్‌లో కూడా ఆ ఖర్చుకు ఒక పేరు ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. పేరు లేకపోతే అది ఖర్చే కాదనుకుంటారు.

డిసెంబర్ 3న లెక్కింపు. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ తిరిగొస్తుంది. నాకు రాలేదు. మా వాడకట్టు బూత్‌లో మాత్రం 41 ఓట్లు పడ్డాయి. ఆ రాత్రి ఏడ్చాను, పొద్దున లేచి టెన్త్ క్లాసుకు త్రికోణమితి చెప్పాను.

ఓడినా పని అయిపోదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చు లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులవుతాం. క్రిస్మస్ సెలవుల్లో వోచర్లన్నీ నేల మీద పరిచి నంబర్లు వేస్తుంటే బాబు స్టాప్లర్ కొట్టాడు. రిజిస్టర్ ఇచ్చి రసీదు తెచ్చి, పిల్లల బర్త్ సర్టిఫికెట్లున్న ఫైల్లో పెట్టాను. వేలిముద్ర వేసిన పెద్దమ్మ కోడలు మొన్న వచ్చి నా ఫారాల జిరాక్సు అడిగింది. పెదబాపు కాగితాలు, నావి కలిపి ఇచ్చాను.