పాత ఫ్రేము ఉంచాలా, మార్చాలా: ఒక తురహళ్ళి హార్డ్‌టెయిల్ పని చిట్టా

బండి వివరాలు ముందు. 26 అంగుళాల చక్రాల అల్యూమినియం హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ సైకిలు), మీడియం సైజు, 6061 మిశ్రలోహపు గొట్టాలు. ముందు 100 మి.మీ. కుంగే ఎయిర్ ఫోర్కు, వెనక 135 మి.మీ. క్విక్ రిలీజ్ ఇరుసు, మరలతో బిగించే 73 మి.మీ. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు గూడు), 30.9 మి.మీ. సీట్‌పోస్టు. తిరిగేది బెంగళూరులోనే: కనకపుర రోడ్డు పక్క తురహళ్ళి, యలహంక దాటాక ఆవలహళ్ళి. అప్పుడప్పుడు శని, ఆదివారాల్లో హార్స్‌లీ కొండలు. ఇరుకు మలుపుల్లో ఈ ఫ్రేము తిరిగే తీరు ప్రాణం. నిటారు రాతి దిగుళ్ళలో మాత్రం గుండె దడ. ఆ దడ ఫ్రేముదా, దానికి బిగించిన సామానుదా అని తేల్చడానికే ఈ చిట్టా.

మొదటి వారం: పగుళ్ళు

మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే. అల్యూమినియానికి అలసట హద్దు లేదు. అంటే చిన్న చిన్న కుదుపులు కూడా ఏళ్ళ తరబడి జమ అవుతూనే ఉంటాయి. పగులు వచ్చే చోట్లు దాదాపు ఎప్పుడూ అవే: హెడ్‌ట్యూబు (హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం) కింద డౌన్‌ట్యూబు (అక్కడి నుంచి పెడళ్ళ దాకా వచ్చే గొట్టం) వెల్డు, సీట్‌ట్యూబు పైభాగం, బాటమ్ బ్రాకెట్ వెనక చైన్‌స్టే (వెనక చక్రం వైపు వెళ్ళే గొట్టం) అతుకు, ఎడమ డ్రాపవుట్ (వెనక ఇరుసు కూర్చునే చోటు) మీద డిస్క్ బ్రేకు దిమ్మ.

సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, ప్రతి వెల్డు వెంబడి దూది రాశాం. పగులుంటే పోగు చిక్కుకుంటుంది. సీట్‌ట్యూబు పైన ఒకచోట సన్నటి గీత కనిపించింది. పెయింటుదా లోహానిదా తెలియనప్పుడు 400 నంబరు ఎమరీ కాగితంతో ఆ కాస్త మేర పెయింటు తీసి చూడాలి. అయినా అనుమానం తీరకపోతే డై పెనెట్రెంట్. వెల్డింగ్ సామాను అమ్మే దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది. ఎర్ర రంగు చల్లి పది నిమిషాలు ఆగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులుంటే తెలుపు మీద ఎర్ర గీత పైకి ఊరుతుంది. మన గీత ఊరలేదు. పెయింటుదే.

నిజంగా పగులు దొరికి ఉంటే చర్చ అక్కడితో ముగిసేది. 6061 ఫ్రేముకు మామూలు వర్క్‌షాపులో వెల్డు పెట్టించడం మరమ్మతు కాదు. వెల్డు వేడికి ఆ చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది. బలం తిరిగి రావాలంటే ఫ్రేము మొత్తాన్ని సుమారు 530 డిగ్రీలకు వేడిచేసి, చటుక్కున చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచాలి. స్టీలు ఫ్రేమైతే మంచి చేతిలో అతుకు నిలుస్తుంది.

కిర్రుమనే చప్పుడు వేరే సంగతి. అది పగులు అయ్యేది తక్కువ. సీట్‌పోస్టు, హ్యాంగర్ (వెనక డెరైలర్, అంటే గేర్లు మార్చే భాగం, వేలాడే ముక్క) బోల్టు, క్విక్ రిలీజ్ ముఖాలు, బాటమ్ బ్రాకెట్ మరలు, ఈ వరసలో ఒక్కొక్కటి తీసి, తుడిచి, గ్రీజు పెట్టి, మళ్ళీ తొక్కి చూడాలి. మన బండిలో హ్యాంగర్ దగ్గర ఆగిపోయింది. ఒకేసారి అన్నీ విప్పితే చప్పుడు పోతుంది గానీ కారణం తెలియదు.

సూటిదనం చూడటానికి దారం చాలు. ఒక డ్రాపవుట్ నుంచి హెడ్‌ట్యూబు చుట్టూ తిప్పి రెండో డ్రాపవుట్‌కు బిగుతుగా కట్టి, సీట్‌ట్యూబుకు రెండు పక్కలా సందు కొలవాలి. తేడా 1 మి.మీ. వచ్చింది. 2 లోపల ఉంటే ఇబ్బంది లేదు.

రెండో వారం: కొలతలు

కంపెనీ పట్టిక దొరకని పాత ఫ్రేముకు ఇంట్లోనే కొలవచ్చు. చదునైన నేల మీద వెనక టైరును గోడకు ఆనించి, బండిని నిటారుగా నిలపాలి. గోడ నుంచి బాటమ్ బ్రాకెట్ మధ్యకు ఎంత, గోడ నుంచి హెడ్‌ట్యూబు పై అంచు మధ్యకు ఎంత, రెండూ అడ్డంగా కొలవాలి. తేడాయే రీచ్. మేస్త్రీల గుండుదారం వాడితే చెయ్యి వణుకు లెక్కలోకి రాదు. హెడ్‌ట్యూబు వాలు కోణానికి ఫోను చాలు, కానీ ముందు నేల మీద పెట్టి సున్నా చేసుకోవాలి.

వచ్చినవి: రీచ్ 395, చైన్‌స్టే 425, వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం) 1065 మి.మీ., హెడ్ కోణం 70.5 డిగ్రీలు. స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ను పట్టే ముక్క) 90, బార్ వెడల్పు 680.

ఇక్కడే అసలు విషయం ఉంది. పాత పద్ధతిలో 395 రీచ్‌కు 90 స్టెమ్ కలిపితే 485. ఇప్పటి మీడియం ట్రెయిల్ (కొండదారి) ఫ్రేములో 445 రీచ్‌కు 40 స్టెమ్ కలిపినా అదే 485. చేతులు ఉండే చోటు దాదాపు ఒకటే. మారేది ముందు చక్రం. హెడ్ కోణం 66కు వాలి, ఫ్రేము పొడవై, ముందు ఇరుసు పాదాల నుంచి సుమారు 100 మి.మీ. ఇంకా ముందుకు పోతుంది. తురహళ్ళి గ్రానైటు బండ మీంచి దిగేటప్పుడు మనిషి బరువు ముందు ఇరుసు దాటి పోవడానికి అంత ఎక్కువ దూరం ఉంటుంది. దడ తగ్గేది అందువల్ల. దానికి బదులు ఇచ్చుకోవలసింది కూడా ఉంది: 1170 దాటిన వీల్‌బేస్ చెట్ల మధ్య ఇరుకు మలుపులో ఈ ఫ్రేములా చటుక్కున తిరగదు.

"ఫోర్కు 120కి మారిస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. లెక్క చూద్దాం. ఫోర్కు 20 మి.మీ. పొడవైతే ఈ వీల్‌బేస్ మీద బండి మొత్తం వెనక ఇరుసు చుట్టూ దాదాపు 1 డిగ్రీ వెనక్కి వాలుతుంది. హెడ్ కోణం 69.5 అవుతుంది, మంచిదే. కానీ బాటమ్ బ్రాకెట్ 7 మి.మీ. పైకి లేస్తుంది. రీచ్ మరో 10 మి.మీ. తగ్గి 385కి వస్తుంది. సీటు కూడా సుమారు 12 మి.మీ. వెనక్కి పోయి, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం లేవడం మొదలవుతుంది. ఒక బాధ తీర్చబోయి రెండు తెచ్చుకోవడమే.

27.5 చక్రాలు ఇరికించడం ఇంకో ఆలోచన. రిమ్ వ్యాసం 559 నుంచి 584కు, అంటే చుట్టూ 12.5 మి.మీ. పెరుగుతుంది. వెనక బ్రిడ్జి దగ్గర మన బండిలో ఖాళీ 13. బురదకు చోటే లేదు. వదిలేశాం.

మూడో వారం: కొత్త ఫ్రేముకు ఏవి వెళ్తాయి

ఫ్రేము ధర చూసి ఎవరూ నిర్ణయించుకోకూడదు. పాత బండిలోంచి కొత్తదానికి వెళ్ళని ప్రతి సామానూ ఆ ధరలో భాగమే.

చక్రాలు వెళ్ళవు. కొత్త ఫ్రేముల వెనక ఇరుసు 148 × 12 మి.మీ., ముందు 110 × 15. ఫోర్కు కూడా వెళ్ళదు. మన హెడ్‌ట్యూబు లోపలి కొలత 44 మి.మీ., స్టీరర్ (ఫోర్కు పైన హెడ్‌ట్యూబులోకి వెళ్ళే గొట్టం) నేరుగా ఉండే రకం. కొత్తవాటికి కింద 1.5 అంగుళాలకు వెడల్పయ్యే స్టీరర్ కావాలి. అడాప్టర్‌తో కూర్చోబెట్టినా ఆ 26 ఫోర్కులో 29 చక్రం పట్టదు. ముందు డెరైలర్ వెళ్ళదు, చాలా కొత్త ఫ్రేముల్లో దానికి చోటే లేదు.

హాలోటెక్ క్రాంక్ (పెడళ్ళు బిగించే చేతులు) వెళ్తుంది, మరలతో బిగించే బాటమ్ బ్రాకెట్ ఉన్న ఫ్రేమే ఎంచుకుంటే. చైన్‌లైను (ఫ్రేము మధ్య నుంచి చైన్‌కు దూరం) 52 మి.మీ. కావాలి కాబట్టి చైన్‌రింగు మార్చాల్సి రావచ్చు. బ్రేకులు వెళ్తాయి, కానీ వెనక హోస్ పొట్టిదవుతుంది. కొత్త హోస్, దాని చివర బిగించే ఆలివ్, ఇన్సర్ట్, బ్లీడింగ్ (గాలి బుడగలు తీయడం) లెక్కలో వేసుకోవాలి. షిమానో బ్రేకులకు మినరల్ ఆయిలే పొయ్యాలి, డాట్ ద్రవం పోస్తే సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. మన 11 స్పీడు డియోరె 11–51 క్యాసెట్ (వెనక గేర్ల గుత్తి) మామూలు హెచ్‌జీ ఫ్రీహబ్ (హబ్‌లో క్యాసెట్ ఎక్కే భాగం) మీదే కూర్చుంటుంది కాబట్టి, హబ్ కొనేటప్పుడు ఆ ఫ్రీహబ్ అడిగితే గేర్లు మొత్తం మిగులుతాయి. అదే షిమానో 12 స్పీడు 10–51 క్యాసెట్ అయితే మైక్రో స్ప్లైన్ ఫ్రీహబ్ కావాలి.

దీన్నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: ఇప్పుడు కొనే ఏ వస్తువైనా రేపటి ఫ్రేముకు కూడా పనికిరావాలి. అంటే 26 ఫోర్కు, 26 చక్రాలు ఎంత చౌకగా వచ్చినా వద్దు. బార్, స్టెమ్, డ్రాపర్ పోస్టు (తొక్కుతూనే సీటును దించుకునే సీట్‌పోస్టు), బ్రేకులు సరే. 30.9 డ్రాపర్ 31.6 సీట్‌ట్యూబులోనూ షిమ్ (పలుచటి తొడుగు)తో కూర్చుంటుంది. టైర్లు అరిగేవే కాబట్టి వాటికి మినహాయింపు.

నాలుగు నుంచి ఏడో వారం వరకు: మార్పులు

ఒక్కో వారం ఒక్క మార్పు, ఒకటే దారి, మూడేసి పరుగులు, ఒకటే గాలి.

మొదట టైర్లు. చైన్‌స్టేల మధ్య సందు 66 మి.మీ. 2.25 అంగుళాల టైరు 57 మి.మీ. ఉంటుంది, పక్కకు 4.5 మిగులుతుంది. 2.35 అయితే 3 మాత్రమే. ఎర్ర బురదలో చిన్న గులకరాయి పట్టుకుంటే చైన్‌స్టేను చెక్కేస్తుంది. అందుకని వెనక 2.25, ముందు 2.35. ట్యూబ్‌లెస్ చేసి చక్రానికి 90 మి.లీ. సీలెంట్ (రంధ్రాలు మూసే ద్రవం) పోశాం. 70 కిలోల మనిషికి ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ. ట్యూబులతో 30 ఉండేది. వదులు గ్రావెల్ మీద పట్టు వెంటనే తెలిసింది. "ఫ్రేము గట్టిగా కుదుపుతుంది" అనుకున్నదాంట్లో సగం ఈ గాలే.

తర్వాత బార్ 760, స్టెమ్ 50. కూర్చుంటే బాగుంది. నిలబడి తొక్కితే మోకాళ్ళు బార్‌కు దగ్గరయ్యాయి, ఎత్తులో ముందు చక్రం తేలింది. 395 రీచ్ హద్దు ఇక్కడే బయటపడింది. స్టెమ్ 65కు మార్చాక కుదిరింది. స్టెమ్ బోల్టులు 5 న్యూటన్ మీటర్లు, నాలుగూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా. క్రాంక్ పించ్ బోల్టులు 12 నుంచి 14, మధ్యలో విప్పాం కాబట్టి రాసుకున్నాం.

అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది డ్రాపర్. సీటు కిందికి పోతే నడుము వెనక్కి, కిందికి పోవడానికి చోటు దొరుకుతుంది. పొడవైన ముందుభాగం చేసే పనిలో కొంత ఇది చేసిపెడుతుంది. ఫ్రేములో కేబుల్ రంధ్రం లేదు, బయట నుంచి తీసే రకమే తెచ్చాం. కొత్త రంధ్రం తొలవడం వద్దు. ఆ రంధ్రం అంచు నుంచే పగులు పుడుతుంది.

పెయింటు వేయించాలన్న ఆలోచన కూడా వచ్చింది. పౌడర్ కోటింగ్ చేసేవాళ్ళు పాత రంగును కాస్టిక్ సోడాలో తీస్తే అల్యూమినియం తినేస్తుంది. ఈ ఏడాదికి ఆపాం.

ఇప్పటి నిర్ణయం

ఫ్రేము ఉంటుంది. మూడు బండ దిగుళ్ళలో రెండు ఇప్పుడు సాఫీగా వస్తున్నాయి. మూడోది, మెట్టు తర్వాత వెంటనే మలుపు ఉన్నది, ఇంకా కష్టమే. అది నిజంగా ఫ్రేము హద్దు. దానికోసం ఎవరిదైనా కొత్త బండి అడిగి తొక్కాలి, అదీ ఇవే పెడళ్ళు, ఇదే గాలి, ఇదే సీటు ఎత్తు పెట్టి. లేకపోతే పోల్చేది ఫ్రేములను కాదు, టైర్లను.

మార్చే రోజు వస్తే చూడాల్సిన కొలతలు చిట్టా వెనక పేజీలో ఉన్నాయి: రీచ్ 435–445, హెడ్ కోణం 66–67, మరల బాటమ్ బ్రాకెట్, చైన్‌స్టే 430 దాటకూడదు. 29 చక్రంతో అంత పొట్టి చైన్‌స్టే అరుదు కాబట్టి 27.5 ఫ్రేములూ చూడాలి.

సీట్‌ట్యూబు గీత పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశాం, 11 మి.మీ. వానలు తగ్గాక, నవంబరులో మళ్ళీ దూది, మళ్ళీ స్కేలు.