నెల్లూరు రొయ్యలు, మెరీనా ఐస్ హౌస్
నిన్న నెల్లూరు నుంచి అమ్మ రైల్లో రొయ్యలు పంపింది. చెన్నై సెంట్రల్‌లో అందుకునేసరికి థర్మాకోల్ పెట్టె నిండా నీళ్లే. పాడయ్యాయేమోనని ఒకటే టెన్షన్. బాగానే ఉన్నాయి.

సాయంత్రం మెరీనాలో వివేకానందర్ ఇల్లం ముందు ఆగిపోయాను. ఒకప్పుడు అది ఐస్ హౌస్. అమెరికాలో గడ్డకట్టిన చెరువుల నుంచి మంచును దిమ్మెలుగా కోసి, ఓడల్లో తెచ్చి అక్కడ దాచేవారు. 1833లో మంచు వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టన్ నుంచి కలకత్తాకు పంపిన ఓడలో సుమారు 180 టన్నులు ఎక్కించారట. నాలుగు నెలల ప్రయాణం, భూమధ్యరేఖ రెండుసార్లు దాటాలి. అయినా దాదాపు 100 టన్నులు మిగిలింది! కాపాడింది పలకల మధ్య కూరిన ఎండు చెట్టు బెరడు పొట్టు. దానిలో చిక్కుకున్న గాలి వేడిని లోపలికి అంత తొందరగా రానివ్వదు.

మా తాతయ్య చేపల గంపలో ఐసు మీద ఊక పోసి, తడి గోనెపట్టా కప్పేవాడు. అదే సంగతి. రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఊక ఇంకా మన కొట్టంలో ఉందిరా" అంది.