కుడి లీడ్ గొడవ: కాలేజీ రైడింగ్ టీమ్‌లో ఆరో వారం

పదికి ఏడు! నిన్న పొద్దున పదిసార్లు అడిగితే ఏడుసార్లు మా గుర్రం చాందిని కుడి లీడ్‌లోనే (అంటే కుడి ముందు కాలు ముందుండేలా) క్యాంటర్, అదే మధ్యస్థ వేగం పరుగు, ఎత్తుకుంది. దిగేసరికి మోకాళ్ళు వణుకుతున్నాయి, ముఖం మాత్రం నవ్వు ఆపుకోలేకపోతోంది.

మిగతా సంగతులు తొందరగా చెప్పేస్తాను. సెలక్షన్ అయింది, నన్ను రిజర్వ్‌లో తీసుకున్నారు. కాళ్ళు పెట్టే రికాబులు లేకుండా పది నిమిషాలు ట్రాట్‌లో, అంటే కుదుపుల చిన్న పరుగులో, కూర్చోగలుగుతున్నాను. ఎడమవైపు క్యాంటర్ ఎప్పుడడిగినా వస్తోంది.

కుడివైపే నరకం. ఇరవై మీటర్ల సర్కిల్, కుడి పగ్గం లోపల, ఎడమ కాలు గుర్రం కడుపు పట్టీకి నాలుగు వేళ్ళు వెనక, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేస్తాను. చాందిని దర్జాగా ఎడమ లీడ్ ఎత్తుకుంటుంది. సర్కిల్‌లో అలా పోతే మలుపు దగ్గర ఎడ్లబండి మూల తిరిగినట్టు ఉంటుంది, జీను మీద మనం ఒకవైపు, గుర్రం ఒకవైపు. నోటుబుక్కులో లెక్క రాసుకున్నాను: మూడో వారం ముప్పైసార్లు అడిగితే ఆరు.

మొదట గుర్రం మీదే అనుమానపడ్డాను. కుడి భుజం పట్టేసిందేమో, నాడా సరిగ్గా లేదేమో అని. నాడాలు కొట్టి మూడు వారాలే అయింది, డెక్కలు నాలుగూ ఎత్తి చూశాను, ఏమీ లేదు. అప్పుడు కోచ్ సార్ ఎక్కారు. ఆయన ఆర్మీ నుంచి రిటైర్ అయిన మనిషి, జీనులో కూర్చుంటే వీపు గోడలా ఉంటుంది. పదిసార్లు అడిగారు, పదీ కుడి లీడే. దిగి పగ్గాలు నా చేతిలో పెట్టి, "గుర్రం బాగానే ఉందమ్మా" అన్నారు. ఆ "గుర్రం" అన్న మాటను ఎంత నొక్కారో నాకే తెలుసు.

రెండో అనుమానం రికాబు పట్టీలు. రెండూ విప్పి, ఒకే మేకుకి తగిలించి టేపుతో కొలిచాను. రెండూ తొమ్మిదో రంధ్రంలోనే ఉన్నా, ఎడమది రెండు సెంటీమీటర్లు పొడుగు! అందరం ఎడమవైపు నుంచే ఎక్కుతాం కదా, రోజూ పదిమంది బరువు దాని మీదే పడి తోలు సాగిపోతుంది. దాన్ని అందుకోవడానికి నా ఎడమ పాదం కిందికి జారుతోంది, దాంతో నడుం కూడా ఎడమకే. కుడి లీడ్ కావాలంటే బరువు కాస్త కుడి తుంటి మీద ఉండాలి, నేనేమో ఎడమ మీద కూర్చుని కుడి అడుగుతున్నాను. పట్టీలు అటూ ఇటూ మార్చాను. తరవాతి వారం ముప్పైకి పదకొండు. మెరుగే, కానీ జబ్బు పూర్తిగా అది కాదు. ఇంతకీ లోపల నైలాన్ ఉన్న పట్టీలైతే ఇంతలా సాగవు. తోలువి చూడ్డానికి బాగుంటాయి గానీ, పదిమంది వాడే జీనుకు నైలానే నయం అని నా అభిప్రాయం. తోలువే కొంటే ప్రతి వారం ఎడమదీ కుడిదీ మార్చాలి, అంతే.

ఐదో వారం టైమింగ్ పట్టుకున్నాను. కుడి క్యాంటర్‌లో మొదట పడేది ఎడమ వెనక కాలు. ఆ కాలు గాల్లో ఉండి ముందుకు వస్తున్నప్పుడే అడగాలి. రైజింగ్ ట్రాట్ (అడుగులకు తగ్గట్టు లేస్తూ కూర్చుంటూ చేసే ట్రాట్) సరైన డయాగ్నల్ మీద, అంటే సర్కిల్ బయటి వైపు ముందు కాలు ముందుకెళ్ళినప్పుడు లేస్తూ, చేస్తుంటే, మనం జీనులో కూర్చున్న క్షణమే అది. అలా అడిగితే పదికి నాలుగు. ఇదీ పూర్తి మందు కాదు.

చివరికి మా క్లాస్‌మేట్ సర్కిల్ మధ్యలో నిలబడి ఫోన్‌లో స్లో మోషన్ తీసింది. హాస్టల్‌లో ఇద్దరం ఇరవైసార్లు చూశాం. కాలితో అడగడానికి అర సెకను ముందు నా గడ్డం ఛాతీకి ఆనుతోంది, కుడి భుజం ముందుకు వాలుతోంది, కుడి మడమ పైకి లేస్తోంది. ఎందుకంటే లీడ్ సరైనదా కాదా అని నేను చాందిని కుడి భుజం వైపు వంగి చూస్తున్నాను! మనిషి తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు ఉంటుంది, పైగా హెల్మెట్. అదంతా తీసుకెళ్ళి, ఆమె ఏ భుజం ఎత్తాలో సరిగ్గా దాని మీదే పెడుతున్నాను.

గుర్రాలను చూసుకునే సైసు అన్నకు వీడియో చూపిస్తే అసలు ఆశ్చర్యమే లేదు. "నేను ఎప్పటి నుంచో చూస్తా ఉండా పాపా. నువ్వు కిందికి చూస్తా ఉంటే అది కాలు ఎట్ల ఎత్తుతుంది?" అన్నాడు. మరి ముందే చెప్పొచ్చు కదన్నా అంటే, "నువ్వు అడగలేదు కదా" అని ఉలవల బకెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి ఫోన్ చేసి చెబితే అవ్వ ఇంకా దారుణం: "మొన్న బ్రహ్మోత్సవాల్లో అశ్వవాహనం మీద స్వామిని చూసినావు కదా, కల్కి అలంకారంలో. కిందికి చూసినాడా?"

నిన్న చేసింది ఇంతే. పడమటి వైపు మలుపు తిరగ్గానే శేషాచలం కొండ ఎదురుగా వస్తుంది. దాని అంచు మీద కళ్ళు పెట్టి, కూర్చున్న క్షణంలో అడిగాను. లీడ్ చూసి కాదు, తుంటితో తెలుసుకోవాలట. సరైనదైతే కుడి తుంటి ఎడమదాని కన్నా ఒక వేలెడు ముందుకు వెళ్తున్నట్టు ఉంటుంది. ఏడుసార్లు ఉంది. తప్పిన మూడింటిలో రెండుసార్లు మళ్ళీ తల వంచాను, క్లాస్‌మేట్ "కొండా!" అని అరిచింది కూడా. మూడోది ఎందుకు తప్పిందో తెలియలేదు, సర్కిల్ తూర్పు వైపు అడిగాను, అక్కడ కొండ లేదు, వాటర్ ట్యాంక్ ఉంది. రేపు ట్యాంకునే చూడాలి.

హెల్మెట్ ఫూగాన్జా బ్రాండ్‌ది తీసుకున్నాను, వెనక డయల్ తిప్పితే తలకు బాగా పట్టుకుంటోంది, ఈ ధరకు నాకు నచ్చింది. గ్లోవ్స్ మాత్రం ఇక్కడి ఉక్కకు లోపల చెమటతో జారిపోతున్నాయి, అరచేతి వైపు రబ్బరు చుక్కలున్నవి కావాలి.

నవంబరు వానలు దిగేలోపు గ్రౌండ్ గట్టిగా ఉన్నప్పుడే ట్రాట్ పోల్స్ (నేల మీద పరిచిన కర్రల మీదుగా ట్రాట్) మొదలుపెడదామని సార్ అంటున్నారు, నాలుగు పోల్స్, మధ్యలో 1.35 మీటర్లు. నా కళ్ళు మాత్రం టెంట్ పెగ్గింగ్ సీనియర్ల మీదే ఉన్నాయి. ఈటె పట్టుకుని గ్యాలప్‌లో వచ్చి నేలలో ఆరు సెంటీమీటర్ల వెడల్పున్న మేకును లేపేస్తారు. దానికి కిందికి చూడాలి మరి. అదెలాగో సార్‌ని అడగాలి, ఈసారి ముందే. శనివారం సైసు అన్నను కూడా అడుగుతాను.