యాల సఫారీ: నేను ఏర్పాట్లు చేసుకునే తీరు

శ్రీలంకలోని యాల జాతీయ పార్కులో చిరుత కనబడటం అదృష్టమంటారు. సగం అదృష్టం ముందు రోజు రాత్రికే తేలిపోతుందని నా నమ్మకం.

మొదట తేదీ. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ 'పోయ' సెలవే. అందుకే పంచాంగం చూసి ఆ రోజునూ, శని ఆదివారాలనూ వదిలేస్తాను. అప్పుడు గేటు ముందు జీపులు బారులు తీరతాయి. సెప్టెంబరు మొదట్నుంచి అక్టోబరు నడిమి దాకా ఎండల వల్ల పార్కులో సఫారీకి ఎక్కువమంది వెళ్లే భాగమైన ఒకటో బ్లాకును సాధారణంగా మూసేస్తారు, కాబట్టి విమానం టికెట్లకు ముందే ఇది చూసుకోవాలి. నాకు నచ్చిన నెల జూన్. అక్కడివాళ్లు 'పలు' అనేది మన పాల చెట్టే. ఆ పండ్ల కోసం ఎలుగుబంట్లు చెట్లెక్కుతాయి. ఆ పండ్లు లేని నెలల్లో వాటిని చూడటం చాలా కష్టం.

బస పార్కుకు దగ్గర్లోని ఊరు తిస్సమహారామ (తిస్స)లో. ఒకటో బ్లాకుకు సముద్రం వైపు పాలటుపాన గేటు, కతరగామ వైపు కటగమువ గేటు ఉన్నాయి. రెండోదానిలో రద్దీ తక్కువ. కతరగామలో సుబ్రహ్మణ్యస్వామి దర్శనం కూడా అనుకునేవాళ్లకు అదే వీలు.

డబ్బు దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. జీపు అద్దె వేరు, పార్కు టికెట్ వేరు. టికెట్‌లో మనిషికింత అనేది ఒక భాగం. దానిపైన బండికి ప్రవేశ రుసుం, గుంపు మొత్తానికి సేవా రుసుం, పన్ను పడతాయి. అందుకే ఇద్దరు వెళ్తే తలకు ఎక్కువవుతుంది, నలుగురైతే తగ్గుతుంది. 'మొత్తం ఇంత' అని ఎవరైనా చెబితే అందులో టికెట్లు ఉన్నాయో లేదో వాట్సాప్‌లో రాయించుకుంటాను. ఒరిజినల్ పాస్‌పోర్టు వెంట ఉంచుకుని, సార్క్ దేశాల రేటు వర్తిస్తుందా అని అడుగుతాను. జీపులో ఆరు సీట్లున్నా నలుగురికి మించి ఎక్కం. అంచు సీటు దొరకనివాళ్లకు అవతలివాళ్ల భుజాలే కనిపిస్తాయి.

డ్రైవరుతో ముందు రాత్రే మూడు మాటలు చెబుతాను: చిరుత కనబడిందని వేరే డ్రైవరు ఫోను చేసినా బండి పరుగెత్తించొద్దు, జంతువు దగ్గర ఇంజిను ఆపాలి, ఒకచోట అరగంట ఆగడానికి మాకు అభ్యంతరం లేదు. లోపల వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. చిరుత కబురు అందగానే ఆ నియమాన్ని పక్కనపెట్టి ఇరవై జీపులు ఒకే మలుపులో చిక్కుకుంటాయి, చిరుత పొదలోకి జారుకుంటుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

గేటు ఆరింటికి తెరుస్తారు, తిస్సలో అయిదింటికల్లా బయల్దేరాలి. లోపలికెళ్లాక చెవులతో వెతకడం మేలు. చుక్కల దుప్పి ఉలిక్కిపడి గట్టిగా కూసినా, కొండముచ్చు చెట్టుమీద దగ్గినట్టు అరిచినా అక్కడే ఆగాలి. అవి చూస్తున్న దిక్కే మన దిక్కు. పులీ సింహమూ లేని దీవి కావడంతో అక్కడ చిరుతదే రాజ్యం. పట్టపగలే బండరాయి మీద పడుకుంటుంది. రాళ్లను బైనాక్యులర్‌తో నెమ్మదిగా గాలించండి.

ఎర్రదుమ్ము కెమెరా లోపలికి చేరుతుంది. పార్కు లోపల లెన్సు మార్చొద్దు, కెమెరా మీద తడి తువాలు కాకుండా పొడిగుడ్డ కప్పండి. తిండి జీపులో కనబడనీయకూడదు. గెమును అనే దంతాల ఏనుగు జీపుల్లోకి తొండం పెట్టి వెతకడం నేర్చుకున్నది జనం తినిపించిన అలవాటు వల్లే. దిగడానికి అనుమతి ఉన్న పటనంగల తీరం లాంటి చోట్ల తప్ప కింద కాలు పెట్టకూడదు.

సాయంత్రం ఆరింటికి జీపు గేటు దాటాలి. చిరుతలు ఎక్కువగా బయటపడేదీ ఆ చివరి గంటలోనే. దూరంగా ఉండిపోతే తిరుగు ప్రయాణం దుమ్ములో పరుగే అవుతుంది. నేను అయిదుంబావుకే వెనక్కి తిరిగి, గేటుకు దగ్గర్లోని ఏదో ఒక చెరువు గట్టున ఇంజిను ఆపించి కూర్చుంటాను.